ఊరికే కూచునే చోటు

వెనకాల పులులు తిరిగే అడవి, చుట్టూ చెరువులు. అయినా ఆత్మకూరులో సాయంత్రం ఓ గంట కాళ్ళు చాపుకుని కూచోవాలంటే చోటు వెతుక్కోవాలి. నల్లమల ఒడ్డున పుట్టి, హైదరాబాదులో పార్కు రుచి మరిగిన ఒక కొడుకు తన తల్లి గురించి చెప్పే కథనం ఇది.

అమ్మను సంజీవయ్య పార్కుకు తీసుకుపోయిన మొదటి రోజు, గేటు దాటి పది అడుగులు వేసిందో లేదో ఆగిపోయింది.

"ఈడ ఏం చేయాల్రా?"

"ఏం చేయక్కర్లేదమ్మా. కాసేపు తిరగొచ్చు, కాళ్ళు లాగితే కూచోవచ్చు."

"ఊరికేనా?"

"ఊరికేనే."

నా మొహంలోకి చూసింది. డబ్బులిచ్చి లోపలికొచ్చి ఊరికే కూచోవడమేమిటని ఆ చూపుకు అర్థం. ఆత్మకూరులో డెబ్బై ఏళ్ళు బతికిన మనిషి. చేతిలో పని లేకుండా ఆమెను నేను చూసింది లేదు. మోకాళ్ళు అరిగాయి, సిమెంటు మీద కాకుండా మట్టి మీద రోజూ అరగంట నడవాలి అని డాక్టరు చెప్పాడు కాబట్టి వచ్చింది గానీ, లేకుంటే బేగంపేటలో మా నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగేది కాదు.

రెండో రోజు సంచిలో చిక్కుడుకాయలు వేసుకొచ్చింది. బెంచీ మీద కూచుని ఈనెలు తీస్తూ వచ్చేపోయేవాళ్ళను చూసింది. మూడో రోజు గోరుచిక్కుళ్ళు. నాలుగో రోజు తోటకూర. వారం దాటాక ఒక సాయంత్రం సంచి ఇంట్లోనే మరిచిపోయింది. ఆ రోజు గంటన్నర కూచున్నాం. ఇక లేద్దామా అని నేనే అడిగాను.

మన కర్నూలాయన పేరు

హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఈ తోటకు పేరు మా ఉమ్మడి జిల్లావాడిదే. దామోదరం సంజీవయ్య కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టాడు. 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు ఇంకా నలభై నిండలేదు. దేశంలోనే ముఖ్యమంత్రి పీఠమెక్కిన తొలి దళితుడు. 1972లో పోయాడు, సమాధి ఇక్కడే ఉంది. ఆ సంగతి చెబితే అమ్మ చెప్పులు విప్పి అటు తిరిగి దణ్ణం పెట్టింది. "ముసలోళ్ళకు పింఛను పెట్టినాయన గదా" అంది. నాకు తట్టని మాట ఆమెకు తట్టింది.

పార్కు ఎలా ఉంటుందంటే, హైదరాబాదు పార్కులన్నిటిలాగే ఉంటుంది. గడ్డి, గులాబీ మడులు, నడిచే దారి, పిల్లల ఊయలలు, మూలకు ఐస్‌క్రీం బండి. 2016 జూన్ 2న ఎగరేసిన 291 అడుగుల జెండా కర్ర చాలా దూరం నుంచే కనబడుతుంది. గాలి సాగర్ మీదుగా తిరిగిందంటే ముక్కు మూసుకోవాల్సిందే. అందమైన తోట అని నేను పందెం కట్టను. అందం మాటకొస్తే కేబీఆర్ పార్కులో బండరాళ్ళు, నెమళ్ళు ఉన్నాయి. అయితే అక్కడ నడిచేవాళ్ళ బూట్లను చూస్తే నాకు ఆఫీసు గుర్తొస్తుంది, అందరూ ఎక్కడికో ఆలస్యమైపోయినట్టు నడుస్తారు. ఇందిరా పార్కు పేరు చెబితే సగం మందికి చెట్లకంటే ముందు పక్కనున్న ధర్నా చౌక్ గుర్తొస్తుంది. ఇక నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ అన్నిటికీ పెద్దక్క. బాగే ఆమ్ అన్నది దాని పాత పేరు, ఆ మాటకు అందరి తోట అని అర్థం. పుస్తకాల్లో దాని పుట్టుక 1846 అని ఉంటుంది. హైదరాబాదు జూ జంతువులు కూడా మొదట ఆ తోటలోనే ఉండేవి, 1963లో బహదూర్‌పురా జూకు మకాం మార్చాయి.

ఆ 1846కు ఒక ఏడాది అటూ ఇటూగా ఇంగ్లండులో లివర్‌పూల్ ఎదుట బర్కెన్‌హెడ్ అనే ఊళ్ళో జనం సొమ్ముతో జనం కోసమే కట్టిన పార్కు తలుపులు తెరిచింది. న్యూయార్క్ నుంచి వచ్చి దాన్ని చూసిపోయిన ఓల్మ్‌స్టెడ్ అనే ఆయన, తర్వాత వాక్స్ అనే జతగాడితో కలిసి సెంట్రల్ పార్కుకు నక్షా గీశాడు. 843 ఎకరాలు. అందులో అడవి కొలనుల్లా కనబడే నీళ్ళన్నీ మనుషులు తవ్వించినవే. ఆలోచిస్తే అదొక వింత. కొండ పక్కన, వాగు పక్కన బతికిన మనిషి ఊరు కట్టుకుని వాటికి దూరమైపోయి, మళ్ళీ ఆ ఊరి నడుమ కూలీలను పెట్టి వాగు తవ్వించుకున్నాడు.

ఆ తవ్వించుకోవడం ఊరికే పోలేదని చెప్పే లెక్క ఒకటి ఉంది. రోజర్ ఉల్‌రిక్ అనే పరిశోధకుడు అమెరికాలో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేసి 1984లో అచ్చేశాడు. ఒకే ఆపరేషను చేయించుకున్న రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనబడిన 23 మంది సగటున 7.96 రోజులు ఆసుపత్రిలో ఉంటే, ఇటుక గోడ కనబడిన 23 మంది 8.70 రోజులు ఉన్నారు. చెట్లను చూసినవాళ్ళకు గట్టి నొప్పిమందులు కూడా తక్కువే పట్టాయి. నలభై ఆరు మందితో చేసిన చిన్న లెక్క, దాన్ని పట్టుకుని చెట్టు ఉంటే డాక్టరు అక్కర్లేదని ఎవరూ అనకూడదు. అమ్మ మోకాళ్ళ నొప్పి మాత్రం నెల రోజుల్లో తగ్గింది. మట్టి మీద నడవడం వల్లనో, కోడలి వంటిల్లు వదిలి బయటికి రావడం వల్లనో చెప్పలేను.

అడవి వేరు, తోట వేరు

ఆత్మకూరు నుంచి తూర్పుకు చూస్తే నల్లమల. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం కోర్, బఫర్ కలిపి 3,296 చదరపు కిలోమీటర్లు. దేశంలో ఇంతకంటే పెద్ద పులుల అభయారణ్యం లేదు. హైదరాబాదులో ఎవరికైనా మా ఊరి పేరు చెబితే, "అబ్బ, మీకేమండీ, అడవి పక్కనే" అంటారు. శని, ఆదివారాల్లో వాళ్ళ కార్లు మా ఊరి మీదుగానే దోర్నాల దారిలో బైర్లూటికి పోతాయి. అక్కడ అటవీశాఖ వాళ్ళ జంగిల్ క్యాంపు ఉంది, గదులున్నాయి, సఫారీ జీపులున్నాయి. నంద్యాల, గిద్దలూరు దారిలో పచ్చర్లలో ఇంకొకటి ఉంది. రెండు రోజులుండి ఫోటోలు తీసుకుని, ప్రాణం లేచొచ్చిందని చెప్పి వెళ్ళిపోతారు.

మా అమ్మ డెబ్బై ఏళ్ళలో బైర్లూటికి ఎన్నిసార్లు పోయింది? ఒక్కసారీ లేదు. బస్సులో దోర్నాల మీదుగా శ్రీశైలం పోయేటప్పుడు కిటికీలోంచి చూసింది, అంతే.

అడవిని మా ఊరు ఎప్పుడూ తోటగా చూడలేదు. వెదురుకు, కట్టెలకు పోయినవాళ్ళున్నారు, అటవీశాఖ కొలువులో చేరినవాళ్ళున్నారు, మొక్కు ఉండి నడిచినవాళ్ళున్నారు. చెంచులకైతే అది ఇల్లూ, పొలమూ, దేవుడి గదీ అన్నీ. వాళ్ళను ఆదివారం పూట అడవికి షికారుకు పోదామంటే నవ్వుతారు. పైగా అడవికి దాని యజమానులున్నారు. 2023 మార్చిలో మాకు దగ్గర్లోనే, కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులికూనలు జనం కంటపడ్డాయి. నాలుగూ ఆడవే. కుక్కలు పడతాయేమోనని ఊరివాళ్ళు వాటిని ఒక గదిలో పెట్టి కాపాడారు. తల్లిని వెతకడానికి, పిల్లల్ని దాని దగ్గరికి చేర్చడానికి అటవీశాఖ వాళ్ళు రాత్రింబగళ్ళు తిరిగారు. తల్లి రాలేదు. కూనల్ని తిరుపతి జూకు పంపారు. ఆ వారమంతా మా ఊళ్ళో గౌడ్ సెంటర్‌లో టీ కొట్ల దగ్గర అదే మాట. ఆ తల్లి పులి ఎటు తిరుగుతోందో, ఎంత కోపంగా ఉందో అని. అలాంటి చోటికి మోకాళ్ళ నొప్పి మనిషిని సాయంత్రం నడకకు పంపుతామా?

ఏడాదికి ఒకసారి మాత్రం మా ఊళ్ళో ప్రతి నీడా మనుషులతో నిండుతుంది. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి మల్లన్న భక్తులు వేలల్లో కాలినడకన వస్తారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కొండలెక్కి శ్రీశైలం చేరతారు. కాళ్ళకు బొబ్బలెక్కి, ఆకులు చుట్టుకుని, చెట్టు కనబడితే చాలు కింద వాలిపోతారు. వాళ్ళకు మజ్జిగ, అన్నం పెట్టడానికి ఊరు ఊరంతా కదులుతుంది. ఎవరూ వాళ్ళను "ఈడ ఏంటికి కూచున్నావ్" అని అడగరు. నడిచొచ్చినవాడికి కూచునే హక్కుంది.

మిగతా రోజుల్లో మా ఊళ్ళో అందరికీ ఆ ప్రశ్నే. ఊరికి తిరిగొచ్చాక అమ్మ నడక మానకూడదని పొద్దున్నే రోడ్డు పక్కన బయల్దేరింది. "యాడికి పోతాండావ్ వదినా?" అని పాలాయన భార్య. "ఏంటికక్కా పొద్దున్నే, ఎవురికన్నా బాగలేదా?" అని మలుపులో ఇంకొకామె. ఊరికే నడుస్తున్నానని చెప్పడానికి అమ్మకు మొహం చెల్లలేదు. మూడో రోజు నుంచి "గుడికి" అని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పాక పోకపోతే బాగుండదు కాబట్టి గుడికే పోయింది, అక్కడే పదకొండు ప్రదక్షిణాలు. "దేవునికి చేస్తాండానో మోకాళ్ళకు చేస్తాండానో నాకే తెలీదురా" అని ఫోనులో నవ్వింది. రాతి పలకల మీద ఆ తిరుగుడుకు నొప్పి మళ్ళీ మొదలైంది.

మగవాళ్ళకు ఈ బాధ లేదు. టీ కొట్టు బల్ల ఉంది, బస్టాండు ఉంది, మంగలి షాపు బెంచీ ఉంది, పేపరు అడ్డం పెట్టుకుని ఎంతసేపైనా కూచోవచ్చు. ఆడవాళ్ళకు గుడి, దర్గా, చావిల్లు, పెళ్ళిల్లు. ఎక్కడ కూచున్నా దానికో కారణం ఉండాలి. పార్కు అనే ఏర్పాటులో నాకు నచ్చింది ఇదొక్కటే. గడ్డి, పూలు తర్వాత సంగతి. అక్కడికి వచ్చిన మనిషిని ఎందుకొచ్చావని ఎవరూ అడగరు.

తోపులు పోయాయి

మరి మన పాతకాలంలో ఇలాంటివి లేవా అంటే, ఉండేవి. వాటిని మేము తోపులు అనేవాళ్ళం. ఊరి చివర చింతతోపు, బావి పక్కన మామిడితోపు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలంటే, ఆడవాళ్ళు వంటిల్లు వదిలి ఊరి బయట పగలంతా గడపడానికి సమాజం ఇచ్చిన సెలవు చీటీ. వండేది అక్కడా వాళ్ళే అనుకోండి. నా చిన్నప్పుడు ఎడ్ల బండిలో, తర్వాత ట్రాక్టరులో అలా పోయాం. కొలనుభారతి దగ్గర ఒకసారి, సంగమేశ్వరం దగ్గర ఒకసారి. సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం జలాశయం నీళ్ళలోనే ఉంటుంది, ఎండలు మొదలై మట్టం తగ్గాకే బయటపడుతుంది. వేపమాను లింగం, ఏడు నదులు కలిసే చోటు. అమ్మకు ఆ బురద వాసన ఇప్పటికీ గుర్తుంది.

కానీ తోపుకు ఒక పని ఉండేది. కాయలిచ్చేది, పశువులకు నీడ ఇచ్చేది, దాని పన్ను ఎవరో కట్టేవారు. సెంటు భూమి లక్షలు పలికిన రోజు తోపు నరికి ప్లాట్లు వేశారు. దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే మా నాన్న కొన్న ప్లాటు కూడా అలాంటి ఒక పాత తోపులోదే.

గార్గేయపురం దాకా

పోయిన చలికాలంలో అమ్మను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయి తిరిగొస్తూ నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం దగ్గర ఆగాం. ఊరి చెరువు పక్కన అటవీశాఖ వాళ్ళు నగరవనం పెంచారు. చెరువుకు చలికాలంలో వలస పక్షులు వస్తాయి. మేము వెళ్ళింది పనిరోజు మధ్యాహ్నం, లోపల పట్టుమని ఇరవై మంది లేరు. కాలేజీ ఎగ్గొట్టిన జంట ఒకటి మమ్మల్ని చూసి దూరంగా జరిగింది. అమ్మ వాళ్ళను చూసి చూడనట్టే నడిచింది. "పోనీలేరా, యాడికి పోతారు పాపం" అంది. ఆమె నోట ఆ మాట నేను ఊహించలేదు. సంజీవయ్య పార్కులో నెల రోజులు బెంచీ మీద కూచుని జనాన్ని చూసిన ఫలితం కాబోలు.

ఇక్కడ లాను తక్కువ, చెట్లు ఎక్కువ. అదే సరైన పద్ధతి. మన సీమలో ఎండాకాలం నలభై రెండు డిగ్రీలు దాటిన రోజున పచ్చగడ్డి పెంచడమంటే తాగే నీళ్ళు నేలకు పోయడమే. కానుగ, వేప, రావి, చింత వేస్తే మూడు నాలుగేళ్ళు నీళ్ళు పోసి కాపాడితే చాలు, తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. కొందరు అధికారులకు తొందరెక్కువ, ఏడాదిలో పచ్చగా కనబడాలని రోడ్ల వెంట కోనోకార్పస్ నాటించారు. దాని వేళ్ళ గురించి, పుప్పొడి గురించి గొడవ లేచి, తెలంగాణలో 2022లో ఇక నాటవద్దన్నారు. పచ్చగా కనబడినంత మాత్రాన ఏం లాభం?

నగరవనం కేంద్రం పెట్టిన పథకం. 2020 జూన్ 5న, పర్యావరణ దినం నాడు, ఐదేళ్ళలో 200 నగరవనాలు అని ప్రకటించారు. పుణెలో వార్జె అనే చోట బోడి గుట్ట మీద అటవీశాఖ, స్థానికులు కలిసి పెంచిన చెట్లను నమూనాగా చూపించారు. నగరవనానికి పది హెక్టార్లకు తగ్గకుండా కావాలి. అంతకంటే చిన్నదైతే నగర వాటిక, దానికి ఒక్క హెక్టారు ఉన్నా చాలు. రెండున్నర ఎకరాలన్నమాట. ఆత్మకూరు ఇప్పుడు మున్సిపాలిటీ, అటవీ డివిజన్ కేంద్రం కూడా. పులుల అడవిని చూసుకునే శాఖ ఊళ్ళోనే ఉంది, రెండున్నర ఎకరాల్లో కానుగ చెట్లు పెంచడం వాళ్ళకు చేతకాని పని కాదు. సిద్ధాపురం చెరువు వైపో, ఇంకో వైపో, చోటు చూడాలన్న మనసుంటే దొరుకుతుంది.

గార్గేయపురం నుంచి ఇంటికి మరో గంటకు పైగా ప్రయాణం. దారిలో అమ్మ అంది: "బాగానే ఉంది గానీ, నడిచేదానికి కారులో ఇంత దూరం రావాల్నా?"

పచ్చరంగు వేసిన చోటు

ఆ మాటతోనే నేను నాన్న బీరువాలోంచి ప్లాటు కాగితాలు తీశాను. ఆ వెంచరు అమ్మినప్పుడు ఇచ్చిన రంగుల కాగితం ఇంకా ఉంది. గేటు, విశాలమైన రోడ్లు, మధ్యలో పచ్చటి చతురస్రం, అందులో ఊయల, జారుడుబండ, గొడుగు కింద నవ్వుతున్న కుటుంబం. కాగితం పట్టుకుని వెళ్ళి చూశాను. గేటు ఉంది. రోడ్డు సగం ఉంది. పచ్చటి చతురస్రం ఉండాల్సిన చోట కంపచెట్లు, పగిలిన సీసాలు, ఎవరివో నాలుగు లారీల కంకర.

చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ పచ్చరంగు వ్యాపారి దయ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం స్థలంలో పది శాతం ఖాళీగా వదలాలి, దాన్ని స్థానిక సంస్థ పేరిట రాసివ్వాలి. ఐదెకరాల లేఅవుట్ అయితే యాభై సెంట్లు. రాసిచ్చిన రోజు నుంచి అది ఊరిది, అంటే మీదీ నాదీ. దాన్ని ఎవరైనా ప్లాటుగా మార్చి అమ్మితే కొన్నవాడు కూడా చిక్కుల్లో పడతాడు. పట్టణ ప్రణాళికకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి పది నుంచి పన్నెండు చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలని ఉంది. యాభై సెంట్లంటే రెండు వేల చదరపు మీటర్లు, ఆ లెక్కన ఒక రెండు వందల మందికి సరిపోతుంది. మా వెంచరులో ఇళ్ళన్నీ లేచినా అంతకు కొంచెమే ఎక్కువ జనం ఉంటారు.

అక్కడ ఏం కావాలని అమ్మను అడిగాను. ఆమె లెక్క చిన్నది. నడిచేదానికి చుట్టూ మట్టి బాట, దాని మీద సిమెంటు పలకలు వేయొద్దు. వీపు ఆనుకునే బెంచీలు నాలుగు. వేప చెట్లు. పొద్దు గూకినాక కూడా ఉండేందుకు రెండు లైట్లు, ఎండాకాలంలో ఎనిమిదింటిదాకా ఇంట్లో ఉడికిపోతాం కదా. ఆడోళ్ళకు బాత్రూము, దానికి తాళం వేయకుండా ఉండాలి. ఫౌంటెను అడగలేదు. సెల్ఫీ కోసం ఊరి పేరు రాసిన పెద్ద అక్షరాలూ అడగలేదు. నేను ఓపెన్ జిమ్ అన్నాను, "ఆ ఇనుము ఎండకు కాల్తాది, ఎవురు పట్టుకుంటారు" అంది.

మున్సిపాలిటీకి అర్జీ రాశాం. పక్క ప్లాట్లవాళ్ళు పదిహేడు మంది సంతకాలు పెట్టారు, ఆరుగురు ఆడవాళ్ళు. ఒకాయన మాత్రం పార్కు వస్తే కుర్రాళ్ళు చేరతారని పెట్టలేదు. జవాబు ఇంకా రాలేదు.

మీ ఇంటి కాగితాల్లో కూడా లేఅవుట్ ప్లాను ఒకటి ఉంటుంది. ఈ ఆదివారం బీరువాలోంచి తీసి, పచ్చరంగు ఎక్కడ వేశారో చూడండి. చూసి, అక్కడిదాకా ఒకసారి నడిచి వెళ్ళండి.